గిడుగు వారిని చరిత్రకారుడిగా తలుచుకునేది ఎప్పుడు?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. ఆగస్టు 29 దగ్గరపడుతోంది. ఆ రోజు మన దగ్గర ఏం జరుగుతుందో తెలిసిందే. పొద్దున్నే విగ్రహానికి దండ, తర్వాత ఏదో ఒక హాల్లో సభ, పద్యాలు, పిల్లలకు వ్యాసరచన బహుమతులు. ఇవన్నీ ఉండాలి. గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారి పుట్టినరోజే తెలుగు భాషా దినోత్సవం కావడం మన జిల్లాకు దక్కిన గౌరవం.

నా బాధ వేరు. ఆ సభల్లో మాట్లాడేవాళ్లంతా ఆయన్ని వ్యావహారిక భాషోద్యమం దగ్గరే ఆపేస్తున్నారు. ఆయన 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉద్యోగంలో చేరింది చరిత్ర చెప్పడానికి. ముఖలింగం గుడి గోడల మీద ఉన్న పాత లిపిని గురువంటూ ఎవరూ లేకుండా నేర్చుకుని చదివారు. మన గార మండలంలోని శాలిహుండం బౌద్ధ క్షేత్రాన్ని 1919లో మొదట వెలుగులోకి తెచ్చింది కూడా ఆయనే. శాలిహుండం కొండ మీదికి పిక్నిక్కి వెళ్లే పిల్లల్లో ఈ సంగతి ఎంతమందికి తెలుసు?

ఈ ఏడాది ఆయనలోని చరిత్రకారుడి కోసం ఏదైనా చేద్దాం. ఏం చేయాలో మీరు చెప్పండి. ఇంకో సభ పెడదామని మాత్రం అనొద్దు.

పాలకొండ మాస్టారు

మంచి చర్చ మొదలుపెట్టారు. ముప్పై ఏళ్లకు పైగా హైస్కూల్లో సోషల్ చెప్పినవాణ్ణి కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

కళింగాన్ని ఏలిన తూర్పు గాంగ రాజుల రాగిశాసనాల్లో వాళ్ల రాజధాని పేరు కళింగనగరం అని ఉంటుంది. ఆ నగరం ఎక్కడుందన్నది 19వ శతాబ్దంలో పెద్ద ప్రశ్న. పేరు దగ్గరగా ఉంది కాబట్టి సముద్రం ఒడ్డున ఉన్న కళింగపట్నమే అయ్యుంటుందని చాలామంది పండితులు అనుకున్నారు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్న రామమూర్తి గారు కాదన్నారు. కళింగనగరమంటే వంశధార గట్టున ఉన్న మన ముఖలింగమే అన్నారు.

ఆ మాట ఊరిమీద అభిమానంతో అన్నది కాదు. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు మూడూ తిరిగి శాసనాలు చదివారు. వాటిలో నగరం అన్న ప్రస్తావన చూశారు. పక్క ఊరి పేరు నగరికటకం అన్నదీ లెక్కలోకి తీసుకున్నారు. ఇంత పెద్ద ఆలయాలు, ఇన్ని శాసనాలు, చుట్టూ ఇన్ని శిథిలాలు కళింగపట్నంలో ఎక్కడున్నాయన్నదీ ఆలోచించాల్సిన విషయమే. నరసన్నపేట వైపు నడగాంలో దొరికిన గాంగ రాజు వజ్రహస్తుడి రాగిశాసనాన్ని ఆయనే పరిష్కరించి, శాసనాలను అచ్చువేసే ‘ఎపిగ్రాఫియా ఇండికా’ నాలుగో సంపుటంలో ప్రచురించారు. ఆ శాసనం శక సంవత్సరం 979 నాటిది, అంటే క్రీ.శ. 1057. దాని మీద రాస్తూనే ఈ కళింగనగరం సంగతీ చర్చించారు. ఆ తర్వాత వచ్చిన చరిత్రకారుల్లో ఎక్కువమంది ఆయన మాటనే ఒప్పుకున్నారు.

ఒక్కటి ఆలోచించండి. 1880లో ఆయన ఉద్యోగంలో చేరేనాటికి చదువు మెట్రిక్యులేషను వరకే. ఎఫ్.ఏ. (ఇప్పటి ఇంటర్ లాంటిది), బి.ఏ. తర్వాత ప్రైవేటుగా కట్టి పూర్తిచేశారు. దగ్గర్లో యూనివర్సిటీ లేదు, పెద్ద లైబ్రరీ లేదు. ఆ స్థితిలో ఒక రాజ్యం రాజధాని ఎక్కడుందో తేల్చిన మనిషి ఆయన. ఈ జిల్లాలో ప్రతి చరిత్ర మాస్టారూ గుండెల మీద చెయ్యేసుకుని గర్వంగా చెప్పుకోవాల్సిన విషయం ఇది.

గంటస్తంభం (విజయనగరం)

మాస్టారూ, మా ఊరిని మరిచిపోకండి. తండ్రి పోయాక రామమూర్తి గారు చదువుకున్నది విజయనగరం మహారాజావారి బడిలోనే. గురజాడ అప్పారావు గారు అక్కడే ఆయనకు సహాధ్యాయి. తర్వాత గురజాడ వారు మా సంస్థానంలో శాసన పరిశోధకుడిగా పనిచేశారు. ఒకే బడిలో చదువుకున్న ఇద్దరు కుర్రాళ్లు పెద్దయ్యాక ఒకరు పర్లాకిమిడిలో, ఒకరు విజయనగరంలో పాత శాసనాలు పట్టుకుని కూర్చున్నారు. ఇద్దరూ తిరిగి వాడుక భాష దగ్గర కలిశారు. ఇది అనుకోకుండా జరిగిందంటే నేను నమ్మను.

ఏ కార్యక్రమం పెట్టినా విజయనగరం నుంచి మేం వస్తాం. వీలైతే వచ్చే ఏడాది రామతీర్థం కూడా చేర్చండి. గురుభక్తకొండ మీద బౌద్ధ శిథిలాలు, దుర్గకొండ మీద జైన విగ్రహాలు చూసే దిక్కు లేకుండా ఉన్నాయి.

కళింగ కుర్రోడు

నేను డిగ్రీ రెండో సంవత్సరం. హిస్టరీ నా సబ్జెక్టు. గాంగుల గురించి మాకు చెప్పిందల్లా పూరీ జగన్నాథాలయం కట్టించిన అనంతవర్మ చోడగంగదేవుడి పేరు వరకే. ఆయన పూర్వీకుల రాజధాని మా అమ్మమ్మ వాళ్ల ఊరికి పక్కనే ఉందని ఇవాళ ఈ చర్చలో చదివి తెలుసుకున్నాను. శివరాత్రికి ముఖలింగం ఎన్నిసార్లు వెళ్లామో! గోడ మీద రాతలు చూశాను కానీ, అవి ఏవో మంత్రాలు అనుకునేవాళ్లం.

మాస్టారూ, ఆ లిపి ఇప్పుడు నాలాంటివాడు నేర్చుకోవచ్చా? ఎన్ని రోజులు పడుతుంది?

వంశధార రైతుబిడ్డ

నాకు ఒక అభ్యంతరం ఉంది. నిజాయితీగా చెబుతున్నాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు.

రామమూర్తి గారిని చరిత్రకారుడు, శాసన పరిశోధకుడు అని ముందుకు తేవడంలో ఒక ప్రమాదం ఉంది. ఆయన జీవితమంతా పోరాడింది దేనికి? బడికొచ్చిన పిల్లాడికి వాడి ఇంటి మాట అక్కరకు రాకుండా పోతోందని. 1912-13లో స్కూలు ఫైనల్లో వ్యాసం వాడుక భాషలోనూ రాయొచ్చని ఉత్తర్వు వచ్చిందంటే అది ఆయన, గురజాడ, పి.టి. శ్రీనివాస అయ్యంగారు, బళ్ల ఇన్‌స్పెక్టరు యేట్సు దొర పడిన కష్టం. దానికి పండితులు ఎంత అడ్డుపడ్డారో, ఆ ఉత్తర్వు ఎలా వెనక్కి పోయిందో కూడా తెలిసిందే. అంత పోరాటం చేసిన మనిషిని తీసుకెళ్లి మళ్లీ శిథిలాల మధ్య నిలబెడితే, పండితుల కార్యక్రమం అయిపోతుందేమో అని నా భయం. మా నాన్న ఏడో క్లాసుతో ఆపేశాడు. ఆయన వచ్చి కూర్చుని వినగలిగే కార్యక్రమం అయితేనే అది గిడుగు వారి కార్యక్రమం.

పాలకొండ మాస్టారు

తమ్ముడూ, నువ్వు చెప్పిన చివరి మాట అక్షరాలా నిజం. దాన్ని అందరం పట్టుకోవాలి. కానీ రెండు పనులనూ విడదీయకు.

వాడుక భాష తప్పు కాదని పండితుల ముందు నిలబడి వాదించాలంటే ఆయన దగ్గర ఏముంది? పదవి లేదు, బలగం లేదు. సాక్ష్యాలున్నాయి. పాత గ్రంథాల నుంచి, పాత రచనల నుంచి ఉదాహరణలు ఎత్తి చూపించి, భాష ప్రతి కాలంలోనూ మారుతూనే వచ్చిందని నిరూపించారు. మీరు తప్పంటున్న రూపం ఇదిగో ఇక్కడ ఉంది, ఫలానా కవి వాడాడు అని చూపిస్తే ఎదుటివాడు ఏమంటాడు? అలా సాక్ష్యం వెతికి చూపించే అలవాటు చరిత్ర మాస్టారికి ఉంటుంది. శాసనాల దగ్గర కళ్లు అరిగేలా చదివిన మనిషి కాబట్టే ఉద్యమంలో ఆ పట్టు వచ్చింది. ఇది నా అభిప్రాయం. అయినా ఆయన రాతలు చదివినవాళ్లెవరూ పూర్తిగా కాదనలేరనుకుంటాను.

1919 ఒక్క సంవత్సరం తీసుకో. ఫిబ్రవరిలో రాజమండ్రిలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం పెట్టారు. అధ్యక్షుడు కందుకూరి వీరేశలింగం పంతులు గారు, కార్యదర్శి ఈయన. అదే ఏడాది ‘తెలుగు’ అనే మాసపత్రిక మొదలుపెట్టారు. శాలిహుండం బయటపడిందీ ఆ ఏడే. అప్పటికి ఆయనకు యాభై ఆరేళ్లు, రిటైరై ఎనిమిదేళ్లు. ఇందులో ఏది ఉద్యమం, ఏది చరిత్ర అని గీత ఎక్కడ గీస్తావు?

కుర్రోడూ, నీ ప్రశ్నకు: తెలుగు చదవడం వచ్చినవాడికి పదకొండు, పన్నెండు శతాబ్దాల తెలుగు శాసనాలు కొన్ని వారాల సాధనతో పట్టుబడతాయి. సంస్కృతం ఉన్నచోట ఇంకొంచెం కష్టం. భయపడకు.

సీతంపేట టీచరమ్మ

ఈ చర్చ రెండు రోజులుగా చూస్తున్నాను. ఇప్పటివరకు ఒక్కరూ సవర గిరిజనుల మాట ఎత్తలేదు. అందుకే రాస్తున్నాను.

నేను ఏజెన్సీ బడిలో పనిచేస్తాను. మా పిల్లల్లో ఎక్కువమంది ఇంట్లో సవర మాట్లాడతారు. ఒకటో తరగతిలో చేరిన పిల్ల మొదటి నెలల్లో నోరు విప్పదు. తెలివి లేక కాదు, టీచరు మాట అర్థంకాక. ఈ కష్టాన్ని వందేళ్ల కిందటే గుర్తించిన మనిషి రామమూర్తి గారు. తెలుగు వచ్చిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. సవరలో వాచకాలు రాశారు, పాటలు, కథలు సేకరించారు. సొంత డబ్బుతో బళ్లు పెట్టి, సవర భాషలోనే పాఠాలు చెప్పించారు. వాచకాలు రాసినందుకు మద్రాసు ప్రభుత్వం డబ్బు ఇస్తానంటే, నాకొద్దు, ఆ డబ్బుతో సవరల కోసం బడి పెట్టండి అన్నారని చెబుతారు. 1931లో సవర భాషకు వ్యాకరణం అచ్చయింది. తర్వాత నిఘంటువులు వచ్చాయి. ఇప్పటికీ ఆ భాష మీద పని చేసేవాళ్లు ఎవరైనా ఆ పుస్తకాలు తెరవాల్సిందే.

కొండల్లో తిరిగి మలేరియా వచ్చి, క్వినైన్ మింగి మింగి చెవులు వినబడకుండా పోయాయి. ఒక భాషను చెవితో పట్టుకుని నేర్చుకున్న మనిషికి చివరికి చెవులే పోయాయంటే నాకు ఇప్పటికీ మనసు ఆగదు.

ఇక్కడ ఒక విన్నపం. మీ కార్యక్రమానికి మా పిల్లల్ని పిలవండి, తప్పకుండా పంపిస్తాం. కానీ పిలిచిన ప్రతిచోటా వాళ్ల చేత డాన్సు చేయించి, ఫొటో తీసుకుని, పులిహోర పొట్లం ఇచ్చి పంపేస్తున్నారు. రామమూర్తి గారి పేరు మీద అది జరగకూడదు. మా పిల్లలు మైకు ముందుకు వచ్చి సవరలో చదువుతారు. మీరందరూ కూర్చుని వినాలి. అర్థంకాకపోయినా వినాలి. తర్వాత తెలుగులో చెబుతాం.

వంశధార రైతుబిడ్డ

అక్కా, చేతులెత్తి దండం పెడుతున్నాను. నేను చెప్పాలనుకుని సరిగ్గా చెప్పలేకపోయింది ఇదే.

పర్లాకిమిడి గల్లీ

నమస్తే అండి. నేను గజపతి జిల్లా వాణ్ణి, ఇంట్లో తెలుగే. 1936 ఏప్రిల్ ఒకటిన ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్లినప్పుడు, యాభై ఏళ్లకు పైగా బతికిన ఊరిని వదిలేసి రామమూర్తి గారు రాజమండ్రి వెళ్లిపోయారు. అప్పటికి ఆయనకు డెబ్బై రెండేళ్లు. మా ఊళ్లో పెద్దవాళ్లు ఇది ఇవాళ్టికీ బాధతో చెప్పుకుంటారు.

అయితే ఒక మాట. ఈ సందర్భాన్ని ఒరియా వాళ్ల మీద కోపంగా మార్చకండి. ఇక్కడ మా పక్కింటివాళ్లు ఒరియా, ఎదురింటివాళ్లు తెలుగు, సంతకొచ్చేవాళ్లు సవర. గాంగ రాజులు ఇటూ అటూ ఇద్దరికీ పూర్వులే. ముఖలింగం శాసనాల మీద ఒరియా చరిత్రకారులూ పని చేశారు. మేం నలుగురం అటునుంచి వస్తాం, మాలో ఒక ఒరియా లెక్చరర్ కూడా ఉన్నారు. ఆయనకు శాసనాలు బాగా తెలుసు. మీకు అభ్యంతరం లేకపోతేనే.

నాగావళి ఒడ్డు

అభ్యంతరం ఏంటండీ, తప్పకుండా తీసుకురండి. ముందు వరసలో కూర్చోబెడతాం.

టెక్కలి గ్రానైట్

మాది రాళ్ల వ్యాపారం. నా వంతుగా ఒక మాట. నీలి గ్రానైట్ పలక ఒకటి ఉచితంగా ఇస్తాను. ముఖలింగం గుడిముందు ఏదైనా ఒక ముఖ్యమైన శాసనం ఎంచి, దాని పాఠం ఇప్పటి తెలుగు అక్షరాల్లో, కింద మామూలు తెలుగులో అర్థం, ఈ శాసనాలు చదివినవారు గిడుగు రామమూర్తి పంతులు అని చెక్కిద్దాం. విగ్రహం కంటే అదే బాగుంటుందని నా ఉద్దేశం. చెక్కేవాళ్లు మా దగ్గరే ఉన్నారు.

రాతిరాత

మీ ఆలోచన చాలా బాగుంది. కానీ ముఖలింగం ఆలయాలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. ఆ పరిధిలో అనుమతి లేకుండా ఒక ఇటుక కూడా పెట్టకూడదు. దరఖాస్తు పెట్టాలి, టైం పడుతుంది. అందాకా అదే పలకను ఊళ్లో బడి ఆవరణలో పెట్టొచ్చు. పిల్లలు రోజూ చదువుతారు కూడా.

నేను శాసనాలు ఫొటోలు తీసి పెట్టుకునేవాణ్ణి. అక్కడికి వెళ్లేవాళ్లకు కొన్ని జాగ్రత్తలు చెప్పాలి.

అక్షరాలు కనపడటానికి సుద్ద పూయొద్దు, పసుపు, విభూతి, నూనె రాయొద్దు. మేకుతో గాని తాళంచెవితో గాని గీతలు సరిచేయడం ఘోరం. ఒక గుడిలో శాసనం మీద ఏటా సున్నం కొట్టి కొట్టి గాళ్లన్నీ పూడిపోయాయి, ఇప్పుడు చేత్తో తడిమితే తప్ప అక్కడ రాత ఉందని తెలియదు. ఆ తర్వాత ఎనామెల్ పెయింట్ కూడా వేశారు. ఇక అది పోయినట్టే.

తడి కాగితం రాతికి అంటించి, బ్రష్షుతో కొట్టి, సిరా అద్ది నకలు తీసే పద్ధతి ఉంది. దానికీ శాఖ అనుమతి కావాలి, అలవాటున్న చెయ్యి కావాలి. మనం ఫోన్లతోనే పని కానిద్దాం. సాయంత్రం వెలుతురు తగ్గాక టార్చిలైటు ఎదురుగా కాకుండా పక్కనుంచి, దాదాపు గోడకు ఆనించినంత వాలుగా వేయాలి. గాళ్లలో నీడ పడి అక్షరం పైకి లేస్తుంది. ఒకే చోటును నాలుగు వైపుల నుంచి వెలుతురు వేసి నాలుగు ఫొటోలు తీస్తే, ఒకదానిలో దొరకని అక్షరం ఇంకోదానిలో దొరుకుతుంది. ఫ్లాష్ వద్దు, అన్నీ చదునుగా వస్తాయి.

ఎక్కడెక్కడ ఏ శాసనం ఉందో ముందే తెలుసుకోవడం కష్టం కాదు. ముఖలింగం, శ్రీకూర్మం శాసనాల పాఠాలు ‘సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్’ అయిదో సంపుటంలో ఉన్నాయి. అచ్చు పాఠం చేతిలో పెట్టుకుని గోడ మీద అక్షరం అక్షరం పోల్చుకుంటూ పోతే కుర్రాళ్లు తొందరగా నేర్చుకుంటారు.

ముఖలింగం మా ఊరు

మా ఊరి గురించి ఇంతమంది ఇంత మాట్లాడుకుంటుంటే కళ్లు చెమర్చాయి.

మాకు గుడి అంటే శివరాత్రి, తర్వాత వంశధారలో చక్రతీర్థ స్నానం. ఆ రోజు ఇసక వేస్తే రాలనంత జనం. స్థలపురాణం ఊళ్లో అందరికీ వచ్చు. శబర (అంటే సవర) నాయకుడికి ఇద్దరు భార్యలు, ఇప్పచెట్టు కొమ్మ కోసం తగువు, ఆయన గొడ్డలి వేస్తే చెట్టు మొదట్లో స్వామి కనపడటం. సీతంపేట టీచరుగారూ, మా స్వామి మొదట మీ పిల్లల వాళ్లకే కనపడ్డాడండీ. ఈ సంగతి ఆ రోజు వాళ్లకు మా ఊరివాళ్లే చెప్పాలి.

శాసనాలంటే మాత్రం మాకెవరికీ తెలీదు. అప్పుడప్పుడు కార్లలో ఎవరో వస్తారు, ఫొటోలు తీసుకుంటారు, ఇంగ్లీషులో మాట్లాడుకుంటారు, వెళ్లిపోతారు. గుడిముందు పూలమ్మే ముసలామె ఒకసారి ‘బాబూ, అక్కడ ఏటి రాసుంది?’ అని అడిగితే, ‘నీకు అర్థంకాదులే అమ్మా’ అన్నారు. ఆమె ఆ గుడి మెట్ల మీదే బతుకుతోంది. ఆమెకు కాకపోతే ఎవరికి చెబుతారు?

నేను అడిగేది ఒకటే. మీరు వచ్చి చదవండి, కానీ ఊళ్లో వాళ్లను పిలిచి, గట్టిగా, మామూలు మాటల్లో చదవండి.

పాలకొండ మాస్టారు

బాబూ, ఇక నాకు వేరే ప్రణాళిక అక్కర్లేదు. మనం చేయాల్సింది మీరే చెప్పారు.

ఆ శాసనాల్లో ఏముంటుందో ఇక్కడే కొంచెం చెబుతాను, ఆమెకు మీరు ఈలోపు చెప్పొచ్చు. చాలావాటిలో గుడిలో రాత్రీ పగలూ ఆరకుండా అఖండదీపం వెలిగించడానికి చేసిన దానం రాసి ఉంటుంది. ఫలానా శక సంవత్సరంలో, ఫలానా సంక్రాంతినాడు, ఫలానా ఊరి ఫలానా వారు ఇన్ని మాడలు (బంగారు నాణేలు) ఇచ్చారు అని. రాజులే కాదు, రాణులు, ఉద్యోగులు, మామూలు గృహస్థులూ ఇచ్చినవాళ్లలో ఉన్నారు. ఇలాంటి దాన శాసనాల చివర ‘స్వదత్తం పరదత్తం వా’ అని ఒక శ్లోకం తరచుగా వస్తుంది. తాను ఇచ్చినదైనా, ఇంకొకరు ఇచ్చినదైనా దానమిచ్చిన భూమిని కాజేసినవాడు పురుగై పుడతాడని శాపం. జనానికి ఇది చెబితే నవ్వుతూ, తలలూపుతూ వింటారు. నా అనుభవం.

శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. ఎనిమిదో తరగతి పిల్లలు గోడ దగ్గర నిలబడి ఈ కూడిక చేయాలి. ఇంకా పాత గాంగ శాసనాల్లో ‘గాంగేయ వంశ ప్రవర్ధమాన విజయరాజ్య సంవత్సర’ అని వేరే లెక్క ఉంటుంది. అది క్రీ.శ. 498 ప్రాంతంలో మొదలైందని ఎక్కువమంది పండితుల లెక్క. అది పెద్దపిల్లలకు.

బొబ్బిలి అక్క

అన్నీ బాగానే ఉన్నాయి. రోజు సంగతి తేల్చండి. 29నాడు బళ్లలో, ఆఫీసుల్లో అధికారిక కార్యక్రమాలుంటాయి, టీచర్లకు కదలడానికి ఉండదు. ఆ తర్వాత వచ్చే ఆదివారం పెట్టుకుందాం. ఆగస్టులో వాన భయం ఉంది కాబట్టి గొడుగులు, కూర్చోవడానికి టార్పాలిన్లు. భోజనం ఊళ్లోనే వండిద్దాం, ప్లాస్టిక్ ప్లేట్లు వద్దు. ఆడపిల్లలు వస్తారు కాబట్టి బాత్‌రూమ్ ఎక్కడో ముందే మాట్లాడండి. ఈ ఒక్క ఏర్పాటు లేక చాలా మంచి కార్యక్రమాలకు ఆడవాళ్లు రావడం లేదు.

నాగావళి ఒడ్డు

అక్కా, మీరు చెప్పినవన్నీ ఒప్పుకున్నట్టే. ముఖలింగం బడి హెచ్‌ఎం గారితో ఫోన్లో మాట్లాడాను, బడి తాళాలు ఇస్తామన్నారు. పురావస్తు శాఖ వాళ్లకు ఉత్తరం రేపు ఇస్తున్నాను. గుడి పూజలకు ఇబ్బంది లేకుండా మధ్యాహ్నం మొదలుపెట్టి టార్చిలైట్ల వేళ వరకు ఉందాం.

ఒక సమస్య తేలలేదు. శాలిహుండం కూడా అదే రోజు చూపించాలని కొందరు అడుగుతున్నారు. రెండూ వంశధార ఒడ్డునే ఉన్నా, ఒకటి పైన, ఒకటి సముద్రం దగ్గర. ఒక్క రోజులో రెండూ అంటే బస్సులోనే గడిచిపోతుంది.

కళింగ కుర్రోడు

శాలిహుండం వేరే ఆదివారం పెట్టండి సార్. అక్కడి స్తూపాలు, బౌద్ధ దేవతలు తార, మారీచి విగ్రహాలు, మ్యూజియం అన్నీ నిదానంగా చూడాలి. మా కాలేజీ నుంచి కొంతమందిమి దాని బాధ్యత తీసుకుంటాం. 1940ల్లో, 50ల్లో జరిగిన తవ్వకాల గురించి చదివి, కొండ మీద ఎక్కడ ఏముందో చూపించే పటం ఒకటి తెలుగులో తయారుచేస్తాం. దాని మీద మొదటి వాక్యం ఈ స్థలాన్ని వెలుగులోకి తెచ్చినది ఎవరన్నదే.

మాస్టారూ, అచ్చు పాఠం చూస్తూ రోజూ రాత్రి కాస్సేపు అక్షరాలు రాస్తున్నాను. క, ర, వ గుర్తుపడుతున్నాను. బండి ఱ చూసి మొదట కంగారుపడ్డాను.

పాలకొండ మాస్టారు

శభాష్! నీ నోట్సు ఫొటో తీసి పంపు, దిద్ది పంపుతాను.

వంశధార రైతుబిడ్డ

నేను కూడా ఒక పని ఎత్తుకుంటాను. వ్యాసరచన పోటీ ఎలాగూ ఉంటుంది కదా, దాని నిబంధనలు నన్ను రాయనివ్వండి. పిల్లలు తమ ఊరి గురించి రాయాలి. ఊళ్లో పాత రాయి, పాత చెరువు, గట్టు, కోట, ఏదైనా సరే, పెద్దవాళ్లను అడిగి తెలుసుకుని రాయాలి. ఎవరిని అడిగారో పేరు రాయాలి. ఇంట్లో మాట్లాడే తెలుగులో రాసినా, మన యాసలో రాసినా ఒక్క మార్కు కూడా తీయకూడదు. సవరలో రాస్తామన్న పిల్లలను రాయనివ్వాలి. దిద్దేవాళ్లు ముందే దీనికి ఒప్పుకుని సంతకం పెట్టాలి. ఇంటర్నెట్లో చూసి ఎత్తిరాసిన గిడుగు వారి జీవితచరిత్ర ఒక్కటీ నాకు వద్దు.

మా నాన్నను కూడా తీసుకొస్తున్నాను. గాంగుల కాలంలో భూమి దానాలు ఎలా చేసేవారో, కొలతలు ఏంటో ఆయనకు తెలుసుకోవాలని ఉందట.

సీతంపేట టీచరమ్మ

సవర వ్యాసాలు దిద్దడానికి మా దగ్గర ఇద్దరు టీచర్లు ఉన్నారు, ఇద్దరూ సవరలే. మా పిల్లలు తెలుగు లిపిలో రాస్తారు. సరిహద్దు అవతలి ఊళ్లలో కొందరు సొరాంగ్ సొంపెంగ్ లిపి వాడతారు. అది 1936లో మంగై గొమాంగో తయారుచేసినది. పర్లాకిమిడి వాళ్లు ఆ లిపి పుస్తకం ఏదైనా తెస్తే మా పిల్లలు చూస్తారు.

తొమ్మిదో తరగతి అమ్మాయిలు ఇద్దరు చదవడానికి ఒప్పుకున్నారు. వాళ్ల అమ్మమ్మ చెప్పిన కథను వాళ్లే రాసుకున్నారు. ఒకమ్మాయికి మైకంటే టెన్షన్, రోజూ ప్రార్థన తర్వాత చదివిస్తున్నాం.

పర్లాకిమిడి గల్లీ

పుస్తకం తెస్తున్నాను టీచరుగారూ. మా లెక్చరర్ గారు కూడా వస్తానన్నారు. ఆయన తెలుగు తడబడుతూ మాట్లాడతారు, అయినా తెలుగులోనే చెబుతానంటున్నారు.

ముఖలింగం మా ఊరు

పూలమ్మే అమ్మకు చెప్పాను. ఆ రోజు కొట్టు కట్టేసి ముందే వచ్చి కూర్చుంటానంది. తను రోజూ ఆనుకుని కూర్చునే రాయి మీద రాసిందే మొదట చదవాలని అడిగింది. రాతిరాత గారూ, ఆ రాయి ఫొటో ఇందాకే మీకు పంపాను, టార్చి పక్కనుంచే వేశాను. పై మూడు వరసలు బాగా వచ్చాయి, కింద కొంత అరిగిపోయింది.

రాతిరాత

ఫొటో చేరిందండీ. ‘స్వస్తిశ్రీ’ స్పష్టంగా ఉంది, తర్వాత శకవర్ష అంకెలు. అయిదో సంపుటంలో ఏ నంబరో వెతుకుతున్నాను. కింద వరసలకు ఎడమవైపు నుంచి వెలుతురు వేసి ఇంకో రెండు ఫొటోలు కావాలి.

నాగావళి ఒడ్డు

రైల్లో వచ్చేవాళ్లు తిలారు స్టేషన్లో దిగండి, అక్కడినుంచి ఆటోలు మాట్లాడి పెడతాం. శ్రీకాకుళం నుంచి వచ్చేవాళ్లకు నరసన్నపేట మీదుగా బస్సు. ఎంతమంది వస్తున్నారో, ఎవరి దగ్గర మంచి టార్చిలైట్లు ఉన్నాయో ఈ కిందే రాయండి.